జ్ఞానమ్మ కడుపు పోయిన కథ

మా అమ్మాయికి రెండోసారి అడగడం రాదు. కారులో పక్క సీట్లో కూర్చుని ఫ్రెంచ్ ఫ్రైస్ పొట్లం విప్పి, "అమ్మా, కావాలా?" అంటుంది. "వద్దులే" అంటాను. అంతే. ఆ పొట్లం ఖాళీ అయ్యేదాకా ఇంక నా వైపు చూడదు. "వద్దులే"లో ఆ "లే" ఎందుకుందో తనకు తెలియదు. మా తెనాలి ఇళ్లలో కాఫీ తాగుతారా అంటే మొదటిసారి వద్దనడం వచ్చినవాళ్ల మర్యాద, రెండోసారి అడగడం ఇంటివాళ్ల మర్యాద. మూడోసారికి గ్లాసు చేతిలో ఉంటుంది. ఈ దేశంలో, నోవై ఊళ్లో పెరిగిన పిల్లకు మాత్రం వద్దంటే వద్దనే. "నో అంటే నో కదమ్మా, దట్స్ రెస్పెక్ట్" అంటుంది. బడిలో అలా నేర్పారు. మంచిదే నేర్పారు. నాకే ఇన్నేళ్లలో ఒక్క ఫ్రై దక్కలేదు.

పోయిన చలికాలం తను యూనివర్సిటీలో రెండో ఏడు. తన హాస్టల్ మా ఇంటికి నలభై నిమిషాలు. మంచు పడే నెలల్లో పిల్ల డ్రైవ్ చేయకూడదని మా ఆయన రూలు పెట్టడంతో, ఆదివారం అన్నాలు తిన్నాక నేనే దింపి వచ్చేదాన్ని. తను చదివేది కంప్యూటర్లే. అయినా ఆర్ట్స్ వైపు నుంచి ఒక కోర్సు తప్పనిసరిగా తీసుకోవాలట. ఇంట్లో పూజగదిలోకి పండగనాడు కూడా నాలుగుసార్లు పిలిస్తే గాని రాని పిల్ల, ఎప్పుడో ఈజిప్టులో పుస్తకాలతో సహా కుండలో పెట్టి పాతేసిన మతాన్ని చదువుతానని పేరిచ్చి వచ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈ పిల్ల ఇల్లు వదిలేసి నేరుగా రచ్చకే వెళ్లింది.

"ఎవరి గురించే?" అని అడిగాను.

"నాస్టిక్స్."

"నాస్తికుల గురించా? దానికి కోర్సెందుకు, మీ డాడీని అడిగితే చెబుతారుగా."

"కాదమ్మా. నాస్టిక్. జీ సైలెంట్. నోసిస్ అంటే నాలెడ్జ్. మన జ్ఞానం అన్న వర్డూ అదీ కజిన్స్ అట."

దేవుడు లేడనేవాళ్లు కారు, దేవుడి పైన ఇంకో దేవుడు ఉన్నాడనేవాళ్లు. వాళ్ల గురించి తను పదిహేను నిమిషాలు క్లాసు ముందు మాట్లాడాలి. ఎవరికీ తెలియని ఆ పై దేవుడిలోంచి లోకాలన్నీ ఎలా పొంగి వచ్చాయో, ఆత్మ వచ్చి ఈ ఒంట్లో ఎలా ఖైదు పడిందో చెప్పాలి. దానికి ప్రాక్టీసు నా మీద. "నీకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది" అంది. నా ఉద్యోగం కార్ల డాష్‌బోర్డుల సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేయడం. ఇంకొకరి పనిలో తప్పులు వెతకడానికే పదిహేనేళ్లుగా నన్ను పెట్టుకున్నారు. తను అన్నది పొగడ్తో తిట్టో తేల్చుకోకుండానే సరేనన్నాను.

మొదటి ఆదివారం ఇల్లు దాటి హైవే ఎక్కగానే మొదలుపెట్టింది.

"ఫస్ట్ ఒక ఫాదర్ ఉంటాడు. కానీ ఫాదర్ అని కూడా అనకూడదు. ఆయన గురించి ఏం చెప్పినా రాంగే."

"మరి పదిహేను నిమిషాలు ఏం చెబుతావు?"

"అమ్మా, విను. ఆయన పేరు లోతు. ఆయనతో ఉండేది మౌనం. ఆ ఇద్దరిలోంచి ఇంకో పెయిర్ వస్తుంది, అందులోంచి ఇంకో పెయిర్. అలా థర్టీ అవుతారు. ఆయన వాళ్లని తయారు చేయడు. వాళ్లు ఆయనలోంచి అలా వచ్చేస్తారు."

"పాలు పొంగినట్టా?"

"యా, కైండాఫ్. కానీ గిన్నెలో పాలు తగ్గవు. అండ్, కిందికి వచ్చేకొద్దీ పైన ఎవరున్నారో వాళ్లకి తెలీదు."

ఇది నాకు బాగా తెలిసిన సంగతి. మేం ఈ దేశం వచ్చిన కొత్తలో మా ఆయన ఉద్యోగం అలాగే ఉండేది. అసలు పని ఒక కంపెనీది. దాని కింద మనుషుల్ని సరఫరా చేసే ఒక వెండారు, వెండారు కింద ఇంకో వెండారు, అట్టడుగున మా వీసా ఫైల్ చేసిన ఆయన. అందరికంటే పైవాడికి మేమున్నట్టు తెలియదు. అట్టడుగు ఆయనేమో, నేనే మీ కంపెనీని, నా పైన ఎవరూ లేరు అనేవాడు. మా ఆయనది కరీంనగర్. "పైన ఎవలున్నరో ఎవలకెరుక, మనకు దేవుడంటే ఈయనే" అని నవ్వేవారు. అది చెబితే మా అమ్మాయి సీట్లో ఎగిరి కూర్చుంది. వాళ్ల కథలోనూ అచ్చం అలాంటివాడే ఉన్నాడట. ఈ భూమినీ మన ఒళ్లనూ చేసిన పనివాడు, తన పైన ఇంకెవరూ లేరని నమ్మేవాడు. అబద్ధం చెప్పడట, నిజంగానే తెలియదట. ఇది స్లైడులో పెట్టుకుంటానని ఫోనులో రాసుకుంది.

"మరి ఆ పనివాడు ఎక్కణ్ణుంచి వచ్చాడు?" అన్నాను. తప్పులు వెతికేవాళ్లు ఆ ప్రశ్న అడగకుండా ఉండలేరు.

"అదే మెయిన్ స్టోరీ. ఆ థర్టీలో లాస్ట్ ఆమె విజ్డమ్."

"జ్ఞానమ్మ" అన్నాను.

ఆ పేరు తనకు తెగ నచ్చింది. రెండుసార్లు పలికి చూసుకుంది. జ్ఞానమ్మకు ఆ లోతులో ఏముందో తనే తెలుసుకోవాలని మనసైందట. ఆవిడకూ ఒక జత ఉన్నాడు. ఆయనకు చెప్పలేదు, ఆయన కలిసి రాలేదు. ఒక్కతే కడుపుతో అయింది. బయటికి వచ్చినదానికి రూపం లేదు. ఆవిడ భయపడిపోయి దాన్ని ఆ ముప్ఫైమంది ఉండే వెలుగు హద్దు దాటించి, ఎవరి కంటా పడకుండా ఒక మేఘంలో దాచేసింది. దానితోపాటు ఆవిడ వెలుగు కూడా కొంత ఇటు పడిపోయింది. ఇప్పుడు మన ఒళ్లలో చిక్కుకున్నది ఆ వెలుగేనట.

"ఆ బేబీకి వాడిన గ్రీక్ వర్డ్‌కి మీనింగ్ లిటరల్‌గా అబార్షన్" అంది మా అమ్మాయి.

నేను లేన్ మారడానికి సిగ్నల్ వేశాను. "పాపం" అన్నాను. "జ్ఞానమ్మకు అబార్షన్ అయిందన్నమాట." అద్దంలో వెనక ట్రక్కు రావడం చూసి ఆగి, అది దాటాక లేన్ మారాను. "నాకూ అయింది. నువ్వు పుట్టకముందు, మేం అరోరాలో ఉన్నప్పుడు. మీ డాడీ ఊళ్లో లేరు."

ఇరవై రెండేళ్లు ఎవరికీ చెప్పని మాట అలా రెండు ఎగ్జిట్ బోర్డుల మధ్య చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు. చెప్పాక ఏమైనా అనిపిస్తుందేమోనని చూశాను. ఏమీ అనిపించలేదు.

మా అమ్మాయి ఫోను ఒళ్లో పెట్టుకుంది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసింది. "థాంక్యూ ఫర్ టెల్లింగ్ మి, అమ్మా. నువ్వు బ్యాడ్‌గా ఫీలవ్వద్దు. నీ రీజన్స్ నీకుంటాయి కదా. ఐ యామ్ ప్రౌడ్ ఆఫ్ యూ."

ప్రౌడ్ ఎందుకో అర్థం కాలేదు. రీజన్స్ అన్న మాట మాత్రం పట్టుకుంది. కారణాలు నాకున్న సంగతి దీనికెలా తెలుసని అనుకున్నాను. తనను హాస్టల్ దగ్గర దింపి తిరిగి వస్తున్నంతసేపూ ఆ మంచు పార గుర్తుకు వస్తూనే ఉంది.

అరోరాలో మాది రెండో అంతస్తు. అది నాకు ఈ దేశంలో మొదటి చలికాలం. భార్యలకిచ్చే వీసా మీద వచ్చాను, ఉద్యోగం చేయకూడదు, డ్రైవింగ్ రాదు. మా ఆయన సోమవారం తెల్లారకముందే విమానమెక్కి వేరే రాష్ట్రంలో ప్రాజెక్టుకు వెళ్లి గురువారం వచ్చేవారు. నాకు ఐదో నెల. ఒక మంగళవారం మోకాళ్ల దాకా మంచు పడింది. ఎవరి కారు చుట్టూ మంచు వాళ్లే తీసుకోవాలి, లేకపోతే కారు తీసుకుపోతామని అపార్ట్‌మెంట్ వాళ్లు తలుపులకు కాగితాలు అంటించారు. మా ఆయనకు ఫోన్ చేయవచ్చు. ఆయన ఎవరో ఒకరికి చెప్పేవారే. నేను చేయలేదు. కింద మెట్ల దగ్గర అందరికీ కలిపి ఒక పార ఉండేది. అది తీసుకుని గంటసేపు తవ్వాను. ఒంట్లో బాగానే ఉంది. కారు బయటపడితే చూసి సంతోషపడ్డాను కూడా.

మరునాడు మధ్యాహ్నం అంబులెన్సు వచ్చింది. సాయంత్రానికి అంతా అయిపోయింది. పార తవ్వినందువల్ల ఇలా జరగదని డాక్టరు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ తలూపాను. నమ్మలేదు.

తర్వాత ఒక నర్సు వచ్చింది. నా కంటే పెద్దది, నెమ్మదిగా మాట్లాడే మనిషి. కిటికీ పక్కన బల్ల మీద చిన్న దుప్పటి మడతలా ఒకటి ఉంది. చూస్తారా అని నన్ను అడిగింది. నేను "నో, థాంక్యూ" అన్నాను. ఆ రెండు మాటలూ ఈ దేశంలో నాకు బాగా అలవాటైనవి. విమానంలో కాఫీ ఇస్తామన్నా, దుకాణంలో సంచీ కావాలా అన్నా అవే అనేదాన్ని. అని, ఆవిడ ముఖంలోకి చూస్తూ ఉన్నాను. ఆవిడ తలూపింది. దుప్పటి మీంచి నా పాదం మీద ఒక్క క్షణం చెయ్యి వేసింది. బల్ల మీది మడతను రెండు చేతులా ఎత్తుకుని బయటికి వెళ్లిపోయింది. తలుపు చప్పుడు కాకుండా వేసింది. ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ దేశంలో వద్దంటే వద్దనే.

మా ఆయన వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. "ఏమన్న తింటవా?" అన్నారు. వద్దన్నాను. మళ్లీ అడిగి, మూడోసారి అడగకుండానే బిస్కెట్లు చేతిలో పెట్టారు. చూశావా అని మాత్రం అడగలేదు. నేను చూశాననే ఆయన అనుకుంటున్నారు. ఇంటికి వెళ్లాక కారు చుట్టూ అంత శుభ్రంగా ఎవరు చేశారని కూడా అడగలేదు. ఫోనులో మా అమ్మ, "అబార్షన్ అయితే అయింది, మళ్లీ నిలుస్తుందిలే, ఎవరికీ చెప్పకు" అంది. ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్లకు మళ్లీ నిలిచింది. మొదటి చెకప్‌కు వెళ్తే ఫారంలో అబార్షన్లు ఎన్ని అన్న గడి ఉంది. ఒకటి అని వేశాను. "స్పాంటేనియస్?" అని అడిగింది అక్కడి అమ్మాయి. స్పాంటేనియస్ అంటే ముందూ వెనకా చూసుకోకుండా అప్పటికప్పుడు చేసేయడం అని నాకు తెలిసిన అర్థం. వక్తృత్వ పోటీల్లో వాడేవాళ్లం ఆ మాట. అంత బాధ్యత లేనిదాన్నా అనిపించి, "నో, నో" అని గట్టిగా చెప్పాను. ఆమె ఏదో టిక్ పెట్టుకుంది. దానంతట అదే పోయిందా అని అడిగారని చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. అందరి తప్పులూ వెతికే నేను నా ఫైల్లో తప్పు దిద్దించుకోలేదు. దిద్దించుకోవాలంటే మళ్లీ చెప్పాలి.

ఇంకో మాట ఉందని నాకు తెలియక కాదు. మిస్‌క్యారేజ్. ఆ మాట నా నోటికి రాదు. క్యారీ అంటే మోయడం, మిస్ అంటే తప్పు. తప్పుగా మోశావని ఆ మాటలోనే ఉంది. పార ముట్టిన మనిషికి అలాగే వినిపిస్తుంది. మా అమ్మ అన్న మాటలో ఎవరి తప్పూ లేదు. అయింది, అంతే. వాన పడింది అన్నట్టు.

అప్పటి నుంచి నేను ఎలా ఉన్నానంటే తిమ్మిరెక్కిన కాలు మీద కూర్చున్నట్టు ఉన్నాను. ఏడవలేదు. పిల్లను కన్నాను, డ్రైవింగ్ నేర్చుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, నోవై వచ్చి ఇల్లు కొనుక్కున్నాం. అన్నీ బాగానే చేశాను. కాలు కదిపితే సూదులు గుచ్చుకుంటాయని కదపలేదు, అంతే.

ఆ వారమంతా మా అమ్మాయి రోజూ మెసేజి పెట్టింది. మామూలుగా డబ్బాలో పప్పు అయిపోతే తప్ప పెట్టదు. లవ్ యూ అంది, యూ ఆర్ సో స్ట్రాంగ్ అంది. నేను బొటనవేలు బొమ్మ పంపాను.

రెండో ఆదివారం సన్నగా మంచు పడుతోంది. మెల్లగా నడుపుతున్నాను. మంగళవారమే తను మాట్లాడాల్సిన రోజు. ఆత్మ దగ్గర ఆగిపోయింది.

"సోల్ అంటే ఆత్మ కదా. మరి స్పిరిట్?"

"అదీ ఆత్మే."

"అయితే నా స్లైడ్ పోయినట్టే. వీళ్లకి రెండూ వేరు. బాడీ లోపల సోల్, సోల్ లోపల స్పిరిట్. స్పిరిట్ ఒక్కటే పైనుంచి వచ్చింది. దాన్నే లాక్ చేశారు."

"అలాగైతే సోల్‌కి ప్రాణం అని పెట్టు. ఆకలేసేది, భయపడేది, పొద్దున్నే లేచి ఆఫీసుకి వెళ్లేది ప్రాణం. లోపల ఏమీ మాట్లాడకుండా ఉండేది ఆత్మ."

రాసుకుంది. ఆ ఖైదులో అసలు చిక్కు తాళం కాదట. లోపలున్న ఆత్మకు తను ఖైదులో ఉన్నట్టు తెలియదట. మత్తులో ఉంటుంది, నిద్రలో ఉంటుంది. పైనుంచి ఎవరో వచ్చి పిలిస్తే గాని లేవదు. లేచాక కూడా పైకి వెళ్లే దారిలో ఒక్కో ఆకాశానికి ఒక్కో కాపలావాడు నిలబెట్టి ఎక్కణ్ణుంచి వచ్చావు, ఎక్కడికి పోతున్నావు అని అడుగుతాడు. మన ఇమిగ్రేషన్ లైన్ లాగేనని తనే నవ్వింది.

"ఒక్కసారి పిలిస్తే లేస్తుందా?" అని అడిగాను.

"ఏమో. ఎన్నిసార్లు అని టెక్స్ట్‌లో లేదు."

"జ్ఞానమ్మ బిడ్డ ఏమైంది చివరికి?"

"వెర్షన్స్ ఉన్నాయి. ఒకదాంట్లో ఆ బేబీయే పెరిగి ఆ వెండార్ గాడు అవుతాడు. ఇంకోదాంట్లో పైనుంచి ఒకరు హద్దు దాటి వచ్చి, ఆ ఫామ్ లేనిదానికి ఫామ్ ఇస్తారు."

రెండోదే బాగుందన్నాను. టెస్టరుగా నేను అలా అనకూడదు. ఏది నచ్చిందో కాదు, ఏది సరైనదో చూడాలి.

హాస్టల్ ఎగ్జిట్ తీసుకున్నాక తను గొంతు తగ్గించి, "అమ్మా, ఒకటి అడగనా? ఎండింగ్‌లో నీ గురించి చెప్పనా? పేరు చెప్పను. సమ్‌వన్ ఐ లవ్ అంటాను" అంది.

"నా గురించి ఏముందే?"

"అదే. జ్ఞానమ్మ అలోన్‌గా డిసైడ్ చేసింది. హజ్బెండ్‌ని అడగలేదు. అందరూ ఆమె తప్పు చేసింది అంటారు. బట్ నాకు తెలిసిన ఒకామె కూడా కొత్త దేశంలో అలోన్‌గా డిసైడ్ చేసింది, షీ వాజ్ నాట్ రాంగ్, అని. స్లైడ్ కూడా చేశాను."

ఫోను నా వైపు తిప్పింది. ఎర్ర లైటు దగ్గర ఆగి చూశాను. నల్లటి స్లైడు మీద తెల్ల అక్షరాలు. ఆమె వద్దనుకుంది, అది ఆమె హక్కు అని ఇంగ్లీషులో ఉంది.

అప్పుడు గాని వారం నుంచి తను నాతో మాట్లాడుతున్నది ఏ విషయమో నాకు తెలియలేదు. లైటు పచ్చబడితే వెనక కారు హారన్ కొట్టింది. నడిపాను.

ఊరుకోవచ్చు. ఆ క్లాసులో నేనెవరో ఎవరికీ తెలియదు. తన దృష్టిలో నేను ధైర్యవంతురాలిని, ఉత్తపుణ్యానికి వచ్చిన పేరు. వద్దనుకున్న ఆడవాళ్ల మీద నాకు కోపమూ లేదు, వాళ్ల కారణాలు వాళ్లవి. కానీ ఆ బిడ్డ మాకు కావలసిన బిడ్డ. అది తెలిసినవాళ్లు ఈ దేశంలో ఇద్దరమే ఉన్నాం, ఆ ఇద్దరమూ ఆ మాట ఎత్తుకోం. ఇప్పుడు మూడో మనిషికి తెలిసింది, అదీ తలకిందులుగా. మంగళవారం నాడు ఇరవై మంది ముందు నా కూతురు ప్రేమగా నిలబడి, ఆ బిడ్డను నేను వద్దనుకున్నానని చెప్పబోతోంది. దానికి నేనే అన్నం పెట్టి దింపి వస్తున్నాను.

హాస్టల్ పార్కింగ్‌లో ఆపాను. ఇంజను ఆపలేదు, హీటరు కోసం.

"నేను చేయించుకున్నానని చెప్పానా నీకు?" అన్నాను.

"అబార్షన్ అన్నావుగా."

"అయింది అన్నాను. చేయించుకున్నాను అనలేదు."

"వాట్స్ ద డిఫరెన్స్?"

తన తప్పు కాదు. తన తెలుగులో క్రియ చివర్లన్నీ అరిగిపోయాయి. అరిగిపోతుంటే ముద్దుగా ఉందని మేమే నవ్వుకున్నాం. "ఇల్లు తగలబడింది అంటే ఏంటి? ఇల్లు తగలబెట్టాను అంటే ఏంటి?" అని అడిగాను.

పెదవులతో రెండూ పలికి చూసుకుంది. ముఖం మారింది. "సో... మిస్‌క్యారేజ్."

"ఆ మాట అనకు."

"ఓకే." చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. "నీకు కావాలా ఆ బేబీ?"

వేరేవాళ్లు ఇలాంటప్పుడు ఏడుస్తారు, నాకు రాలేదు. "మీ డాడీ సోమవారాలు ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసేవారు. ఇద్దరూ తిన్నరా, అని అడిగేవారు. ఇద్దరం తిన్నాం అనేదాన్ని. అది అయ్యాక వచ్చిన సోమవారం కూడా చేశారు. తిన్నవా, అన్నారు."

మా అమ్మాయికి క్రియ చివర ఒక్కటి తేడా వినిపించిందో లేదో చూశాను. వినిపించినట్టుంది. ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. కాసేపటికి ఫోను తీసి ఆ స్లైడును తీసేసింది. జ్ఞానమ్మది చేసిందో అయిందో గ్రీకు రాకుండా తను చెప్పలేనని, క్లాసులో ఆ రెండు మాటలూ తెలుగులోనే చెప్పి తేడా వివరిస్తానని అంది. నీ గురించి చెప్పను అంది. మంచిది అన్నాను.

బ్యాగు భుజాన వేసుకుని తలుపు మీద చెయ్యి పెట్టి ఆగింది.

"బాయా, గర్లా?"

"తెలీదు. చూడలేదు."

"ఎందుకు? చూపించలేదా?"

"అడిగారు. నో థాంక్యూ అన్నాను."

"చూడాలని అనిపించలేదా?"

"లేదులే" అన్నాను.

"ఓకే" అంది తను. ఎప్పటిలాగే. వంగి నా చెంప మీద ముద్దు పెట్టి దిగింది. డిక్కీలోంచి కూర డబ్బాల సంచీ తీసుకుంది. మంచులో అడుగులు చూసుకుంటూ హాస్టల్ తలుపు దాకా నడిచింది. కార్డు తీసి తలుపుకు చూపించింది. తలుపు తెరుచుకుంది. నేను రివర్స్ గేరు వేశాను.

తను లోపలికి వెళ్లలేదు. తెరుచుకున్న తలుపు మళ్లీ మూసుకుంది. సంచీ అక్కడే గోడకు ఆనించి పెట్టి వెనక్కి వచ్చింది, ఈసారి అడుగులు చూసుకోకుండా. కారు తలుపు తెరిచింది. చలిగాలితోపాటు మంచు రవ్వలు సీటు మీద పడ్డాయి. రొప్పుతోంది.

"అమ్మా. చూడాలని అనిపించలేదా?"

ఆ బల్ల మీద మడత, ఆ నర్సు రెండు చేతులూ, చప్పుడు లేకుండా మూసుకున్న తలుపు. గేరు మళ్లీ పార్కులోకి మార్చాను.

"అనిపించింది" అన్నాను.

తను లోపల కూర్చుని తలుపు వేసుకుంది.